కొత్త గూటికి కోళ్ళను అలవాటు చేయడం

పెరట్లో పదో పాతికో కోళ్ళు పెంచుకునేవారు డబ్బు ఖర్చుపెట్టి, జాలీ బిగించి, తలుపు గడియతో సహా చక్కటి గూడు కట్టించుకున్నాక ఎదురయ్యే మొదటి చికాకు ఒకటుంది. పొద్దు గుంకేసరికి కోళ్ళన్నీ ఆ గూటి ముందునుంచే నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళి ఎప్పటిలాగే మునగచెట్టు ఎక్కి కూర్చుంటాయి. కర్ర పట్టుకుని తరిమితే రెండు లోపలికి పోతాయి, నాలుగు ప్రహరీ దూకి పొరుగింటి పెరట్లో పడతాయి, మరునాడు మళ్ళీ అదే తంతు నడుస్తుంది. కోడికి బుద్ధి లేదని మనం విసుక్కుంటాం గానీ, దాని వైపు నుంచి చూస్తే అది చేస్తున్నది సబబైన పనే. నిన్న రాత్రి ఎక్కడ పడుకుని తెల్లవారి క్షేమంగా లేచిందో ఈ రాత్రి కూడా అక్కడికే వెళ్తుంది. కాబట్టి ఈ పనిలో కోడికి కొత్త చోటు చూపించడం సగం మాత్రమే. పాత చోటు దానికి దక్కకుండా చేయడం మిగిలిన సగం, నా లెక్కలో అదే పెద్ద సగం. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు.

కోడి రాత్రి చోటును ఎలా ఎంచుకుంటుంది

మన పెరటి కోళ్ళకు మూలమైన ఎర్ర అడవికోడి ఇప్పటికీ చెట్టు కొమ్మల మీదే రాత్రి గడుపుతుంది. నేల మీద తిరిగే నక్క, పిల్లి వంటి జంతువులకు అందకుండా ఎత్తున కూర్చోవడం ఆ జాతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. దానికి తోడు కోడి కన్ను పగటి వెలుగుకు తయారైన కన్ను. ఎండలో రంగులను మనకంటే నిశితంగా గుర్తుపట్టగల ఆ కన్ను మసక చీకటిలో దాదాపు పనిచేయదు. అందుకే వెలుగు పూర్తిగా పోకముందే, అంటే సూర్యాస్తమయానికి కాస్త అటూ ఇటూగా, కోడి తన చోటుకు చేరి స్థిరపడాలని తొందరపడుతుంది. ఆ అరగంటలో ఎక్కడికి చేరితే అక్కడే రాత్రంతా ఉండిపోతుంది.

ఈ సంగతి తెలిస్తే గూటి విషయంలో జరిగే పొరపాట్లు సగం మనకే అర్థమవుతాయి. సాయంత్రం బయట ఇంకా వెలుగు ఉన్నా గూటి లోపల అప్పటికే చీకటి కమ్ముతుంది. గుమ్మం దగ్గర నిలబడిన కోడికి లోపల ఏముందో కనిపించదు, కనిపించని చోటికి అది అడుగుపెట్టదు. లోపలికి వెళ్ళినా కూర్చోవడానికి ఎత్తైన కర్ర లేకపోతే అది చెట్టుకొమ్మ కన్నా తక్కువ రకం చోటుగానే తోస్తుంది. ఇక కాలాన్ని బట్టి వేళ మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. హైదరాబాదులో నవంబరు చివర దాదాపు 5.40కే పొద్దు గుంకుతుంది, జూన్ చివరికి అది 6.50 దాటుతుంది. గడియారం చూసి ప్రతిరోజూ ఆరున్నరకు తలుపు వేసేవారి కోళ్ళు చలికాలంలో ఎప్పుడో చెట్టెక్కి ఉంటాయి.

ముందు గూటినే సరిచూసుకోవాలి

కోడిని తరలించే ముందు ఒకరోజు సాయంత్రం పొద్దు గుంకే వేళకు మీరే ఆ గూటి గుమ్మం దగ్గర కోడి ఎత్తుకు వంగి లోపలికి చూడండి. అడ్డకర్రలు మీ కంటికి స్పష్టంగా కనిపించకపోతే కోడికీ కనిపించవు. లోపల తక్కువ వాట్ల పసుపురంగు బల్బు ఒకటి పెట్టి, పొద్దు గుంకడానికి అరగంట ముందు వెలిగించి, కోళ్ళన్నీ కర్రల మీదికి చేరాక ఆర్పేస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. కోళ్ళు ఇంకా నేలమీద తిరుగుతుండగా దీపాన్ని ఒక్కసారిగా ఆర్పకూడదు. ఎక్కడివక్కడ నిలిచిపోయి రాత్రంతా నేలమీదే ఉండిపోతాయి. రాత్రంతా వెలిగించి ఉంచడమూ మంచిది కాదు, వాటికీ చీకటి, నిద్ర కావాలి. కరెంటు తీగ గూటిదాకా లాగడం కుదరనివారు గుమ్మం పడమటి వైపు ఉండేలా చూసుకుంటే చివరి వెలుగు నేరుగా లోపలికి పడుతుంది. అయితే మధ్యాహ్నపు ఎండ కూడా అటునుంచే వస్తుంది కాబట్టి దానిమీద చూరు బాగా ముందుకు దింపాలి.

అడ్డకర్రల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే గూడు కట్టేవాళ్ళు అన్నిటికన్నా అశ్రద్ధ చేసేది దీన్నే. సన్నటి ఇనుప గొట్టం బిగించి వదిలేయడం చాలాచోట్ల చూస్తాం. అది జారుతుంది, వేసవిలో కాలుతుంది, చలికాలంలో చల్లగా కొడుతుంది. దాదాపు రెండు అంగుళాల వెడల్పున్న చెక్కబద్ద, పై అంచులను గుండ్రంగా చిత్రిక పట్టినది, కోడికి అన్నిటికన్నా సుఖంగా ఉంటుంది. వెదురు బొంగు వాడితే కణుపుల దగ్గర పేళ్ళు లేకుండా నున్నగా గీయాలి, లేకపోతే అరికాలికి గుచ్చుకుని పుండై వాస్తుంది. కోడికి ఎనిమిది అంగుళాల చొప్పున చోటు లెక్కగట్టాలి. పది కోళ్ళకు దాదాపు ఏడడుగుల కర్ర కావాలి కాబట్టి నాలుగడుగుల కర్రలు రెండు వేస్తే సరిపోతుంది. గోడ నుంచి ఒక అడుగు, కర్రకూ కర్రకూ మధ్య ఒక అడుగు ఎడం వదలాలి. రెండు కర్రలనూ ఒకే ఎత్తులో వేయడం మేలు. మెట్లలాగా ఒకదానికన్నా ఒకటి ఎత్తుగా వేస్తే పెత్తనం చేసే పెట్టలన్నీ పైకర్ర కోసం పోట్లాడుకుంటాయి, కింది కర్ర మీది కోళ్ళపై రాత్రంతా రెట్ట పడుతుంది. నేల నుంచి రెండు, మూడడుగుల ఎత్తు నాటుకోళ్ళకు బాగుంటుంది. వనరాజా అనే రకం వంటి బరువైన కోళ్ళకు అడుగున్నర చాలు. అంతకన్నా పైనుంచి రోజూ ఉదయం దూకితే వాటి కాళ్ళు, రొమ్ము ఎముక దెబ్బతింటాయి. పాత చోట కోళ్ళు ఏదైనా కర్ర మీద కూర్చునే అలవాటు ఉంటే, ఆ కర్రనే ఊడదీసి తెచ్చి కొత్త గూట్లో బిగించడం చాలా మంచి పద్ధతి.

ఇక వేడి గురించి చెప్పాలి. చలిదేశాలవారు రాసిన సలహాలు మన దగ్గర బెడిసికొట్టేది ఇక్కడే. ఇనుప రేకుల కప్పు పగలంతా ఎండలో కాగి, పొద్దు గుంకాక కూడా చాలాసేపు వేడిని కిందికి దింపుతూనే ఉంటుంది. సరిగ్గా కోళ్ళు గూటికి చేరవలసిన వేళకే లోపల ఉక్కగా ఉంటుంది, చెట్టుమీద గాలి ఆడుతూ ఉంటుంది. అలాంటప్పుడు కోడి చెట్టును ఎంచుకుంటే తప్పు పట్టలేం. కోడి శరీర ఉష్ణోగ్రతే 41 డిగ్రీల పైచిలుకు ఉంటుంది, దానికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగశ్వాస తీయడమే దానికున్న ప్రధాన ఉపాయం. రేకుల మీద తాటాకో వరిగడ్డో మందంగా పరిచి తాడుతో కట్టడం, లేదా తెల్లగా సున్నం వేయడం ఎంతో తేడా చూపిస్తుంది. గూటి పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. పొడవైన రెండు వైపులా నడుము ఎత్తు గోడ కట్టి పైన అంతా జాలీ వేస్తే గాలి అటూ ఇటూ ఆడుతుంది. జాలీ విషయంలో పొదుపు చేయవద్దు. పలచటి షట్కోణపు కన్నుల జాలీని కుక్క పళ్ళతో చీల్చేస్తుంది, ముంగిస సందు చూసుకుని దూరుతుంది. అర అంగుళం కన్నుల వెల్డ్‌మెష్ (తీగలను అతికించి చేసిన గట్టి ఇనుప జాలీ) వేసి, కింది అంచును అడుగు లోతున భూమిలో పాతిపెట్టాలి. కోడికి రెండు చదరపు అడుగుల చొప్పున నేల, దానిమీద రెండు మూడు అంగుళాల మందాన ఊక ఉంటే రాత్రి బసకు సరిపోతుంది.

తరలించే రాత్రి

పగటిపూట కోళ్ళను వెంటాడి పట్టి కొత్త గూట్లో వేస్తే ఆ గూడంటేనే వాటికి బెదురు పడుతుంది. పాత చోట కుదురుగా కూర్చున్నాక, బాగా చీకటి పడ్డాక వెళ్ళాలి. టార్చికి నీలిరంగు గాజుకాగితం చుట్టుకుంటే మనకు దారి కనిపిస్తుంది, కోళ్ళు మాత్రం పెద్దగా కలవరపడవు. ఆ మసక నీలి వెలుతురులో వాటికి చూపు ఆనదు. కాళ్ళు కలిపి పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తూ తీసుకెళ్ళడం మన సంతల్లో మామూలే గానీ, ఇక్కడ అది పనికిరాదు. రెండు చేతులతో రెక్కలను ఒంటికి అదిమి పట్టి, ఎత్తి, చంకకింద ఆనించుకుని తేవాలి. కొత్త గూట్లో అడ్డకర్ర రొమ్ము కిందికి ఆనేలా కోడిని పట్టి ఉంచితే కాలివేళ్ళు వాటంతటవే కర్రను చుట్టుకుంటాయి. పట్టు కుదిరాక కూడా చేతిని వెంటనే తీయకుండా క్షణంసేపు వీపుమీద ఉంచి, ఆ తర్వాత మెల్లగా తీసేయాలి. పాత చోట ఏ కోడి పక్కన ఏ కోడి కూర్చుంటుందో చూసుకుని అదే వరసలో పెడితే తెల్లవారుజామున గొడవ తగ్గుతుంది. అన్నిటినీ ఒకే రాత్రి తరలించాలి. నాలుగు ఈరోజు, నాలుగు రేపు అనుకుంటే వెనక మిగిలినవాటి కోసం ముందు వెళ్ళినవి తిరిగి వస్తాయి.

ఆ రాత్రి పని మొదలుపెట్టారు కాబట్టి ఇంకో మాట. కోడిని చేతిలోకి తీసుకునే అవకాశం ఇంత తేలిగ్గా మళ్ళీ దొరకదు. రెక్కల కింద, మలద్వారం చుట్టూ పేలు ఉన్నాయేమో, అరికాలిలో పుండు ఉందేమో, రొమ్ము ఎముక పదునుగా తేలి బక్కచిక్కి ఉందేమో తడిమి చూడాలి. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా వేయించవలసిన గడువు దగ్గరపడి ఉంటే పశువైద్య సిబ్బందిని అడిగి ఆ పని కూడా ఈ సందర్భంలోనే ఏర్పాటు చేసుకోవచ్చు.

కొన్నాళ్ళు లోపలే ఉంచడం

తరలించాక మూడు రోజుల నుంచి వారం దాకా కోళ్ళను బయటికి వదలకుండా అక్కడే ఉంచితే అది తమ చోటని వాటికి కుదురుతుంది. గూటికి ఆనుకుని జాలీ చుట్టిన ఆవరణ ఉంటే పగలు అందులోకి, రాత్రి గూట్లోకి తిప్పుతూ వారం గడపడం తేలిక. ఆవరణ లేకపోతే చలికాలం, లేదా వానలు పడి చల్లబడ్డ రోజులు చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల గూట్లో కోళ్ళను పగలంతా మూసిపెట్టడం ప్రమాదం, మధ్యాహ్నానికి ఎగశ్వాసతో సొమ్మసిల్లి చనిపోతాయి. వేసవిలో మార్చక తప్పనప్పుడు మూసిపెట్టే పద్ధతిని పూర్తిగా వదిలేసి, ఉదయం వదిలి, ప్రతిరాత్రీ పాత చోటునుంచి చేత్తో తెచ్చి కర్రల మీద కూర్చోబెట్టాలి. ఇది నిదానంగా సాగే దారి, ఓపిక కావాలి, కానీ ఫలితం ఇస్తుంది.

మూసి ఉంచిన రోజుల్లో మేత, నీళ్ళు లోపలే ఇవ్వాలి. సాయంత్రపు మేతను మాత్రం ఎప్పుడూ ఒకే వేళకు, ఒకే పిలుపుతో, ఒకే డబ్బా గలగలలాడిస్తూ వేయాలి. ఇంట్లో కోళ్ళను పిలిచే పిలుపు ఒక్కొక్కరిది ఒక్కో తీరుగా ఉంటుంది. ఏదైనా ఫరవాలేదు, మార్చకుండా ఉంటే చాలు. ఆ చప్పుడు వినగానే మేత, మేత తర్వాత కర్ర, కర్ర తర్వాత చీకటి అనే వరస ఈ వారంలోనే వాటి ఒంటికి పట్టాలి, తర్వాత రోజుల్లో మనకు ఉపయోగపడేది అదే. ఈ రోజుల్లో చీకటి పడ్డాక ఒకసారి తొంగిచూసి, మూలల్లో నేలమీద కూర్చున్నవాటిని ఎత్తి కర్రమీద పెట్టడం మరచిపోవద్దు. ఉదయం అవి తమంతట తాము కర్రమీద కళ్ళు తెరిస్తే అలవాటు త్వరగా బలపడుతుంది.

వదిలాక వచ్చే సాయంత్రాలు

మొదటిసారి వదిలేటప్పుడు ఉదయమే తలుపు తీసేయడం తొందరపాటు. పగలంతా తిరిగి పాత దారులన్నీ గుర్తు చేసుకుంటాయి. పొద్దు గుంకడానికి గంట ముందు, అదీ ఆ మధ్యాహ్నం మేత తగ్గించి కాస్త ఆకలి మీద ఉంచి వదలాలి. గూటి చుట్టుపక్కల గీరుకుంటూ ఉండగానే వెలుగు తగ్గుతుంది. అప్పుడు డబ్బా గలగలలాడించి కోడికి గుప్పెడు చొప్పున నూకలో జొన్నలో గూటి లోపల ఊకమీద చల్లాలి, గుమ్మం బయట ఒక్క గింజ కూడా పడకూడదు. ఊకలో గీరుతూ గింజలు ఏరుకునేసరికి బయట చీకటి పడుతుంది, లోపల బల్బు వెలుతురులో కర్రలు కనిపిస్తాయి. ఇలా రెండు మూడు రోజులు గంట చొప్పున వదిలి, తర్వాత మధ్యాహ్నం నుంచి, ఆ తర్వాత ఉదయం నుంచి వదలడం క్షేమం. పెట్టలు ఎక్కువగా ఉదయం పూటే గుడ్లు పెడతాయి కాబట్టి పది గంటల దాకా లోపల ఉంచే అలవాటు పెట్టుకుంటే గుడ్లు కూడా పొదల్లో పోకుండా గూట్లోనే దక్కుతాయి.

పాత చోటును మూసేయడం ఈ దశలో జరగాలి, లేకపోతే ఇప్పటిదాకా పడ్డ శ్రమ వృథా. చెట్టయితే కోడి మొదటి గంతులో అందుకునే కింది కొమ్మను నరకాలి. చాలా కోళ్ళు ఒకేసారి పైకి ఎగరవు, గట్టు మీదికి, గట్టు నుంచి కొమ్మకు, అక్కడి నుంచి పై కొమ్మకు మెట్టుమెట్టుగా ఎక్కుతాయి. ఆ మెట్లలో మొదటిదాన్ని తీసేస్తే చెట్టంతా కొట్టనక్కరలేదు. స్కూటరు సీటు, ఎడ్లబండి నొగలు, పాత మంచం, వసారాలో దూలం, నీళ్ళ ట్యాంకు కింది సందు వంటివాటి మీద పడుకునే అలవాటున్న కోళ్ళయితే ఆ వస్తువును సాయంత్రం వేళ కప్పి ఉంచడమో, అక్కడి నుంచి తీసేయడమో చేయాలి. ప్రహరీ మీద వరసగా కూర్చునేవాటికి గోడ పైభాగాన ముళ్ళకంప వేస్తే సరిపోతుంది. పాత గూటిని వెంటనే పీకేయలేనివారు దాని తలుపు మూసి, ముందు గోనెపట్టా వేలాడదీసి కనపడకుండా చేయాలి. పగటిపూట కూడా తెరిచి ఉంచకూడదు.

మొదటి వారంలో ఒకటి రెండు కోళ్ళు ఎలాగైనా తప్పించుకుంటాయి. సాధారణంగా అవి మందలో అడుగున ఉన్న బక్క కోళ్ళే అవుతాయి, పెత్తనం చేసే పెట్ట గుమ్మంలో నిలబడి ముక్కుతో పొడుస్తుంటే లోపలికి రాలేక బయటే ఆగిపోతాయి. అలాంటిచోట గుమ్మం వెడల్పు చేయడమో, రెండో వైపు ఇంకో చిన్న తలుపు పెట్టడమో కావాలి గానీ ఆ బక్కదాన్ని మొండిదని తిట్టి లాభం లేదు. తప్పించుకున్నది ఎక్కడుందో చూసుకుని, చీకటి బాగా పడ్డాక వెళ్ళి తెచ్చి కర్రమీద పెట్టాలి. ఈ పని ఒక్కరాత్రి కూడా ఎగ్గొట్టకూడదు. ఒక్క కోడి చెట్టుమీద హాయిగా తెల్లవార్చిందంటే మరునాడు దాని వెనక మరో రెండు చేరతాయి. ఇక పుంజు సంగతి వేరు. అది ఎక్కడ కూర్చుంటే పెట్టలు ఎక్కువగా అక్కడికే చేరతాయి కాబట్టి పుంజును ముందు లోపలికి రప్పించుకుంటే మిగతా పని చాలా తగ్గుతుంది.

గంప కింద పెరిగిన పిల్లలు, బ్రూడర్ నుంచి వచ్చిన కోళ్ళు

పిల్లలకోడిని రాత్రిపూట వెదురు గంప కింద మూయడం మన ఊళ్ళలో పాత పద్ధతి. పిల్లలు రెండు నెలల వయసుకు చేరేసరికి తల్లి వాటిని పొడిచి దూరం పెట్టి తాను పై కర్రమీదికి పోతుంది. పిల్లలు మాత్రం సాయంత్రం కాగానే గంప బోర్లించే చోటికే పోయి, గంప లేకపోయినా ఒకదానిమీద ఒకటి కుప్పపడతాయి. ఇటువంటప్పుడు గంపను వదిలించే ప్రయత్నం చేయకుండా, ఆ గంపనే తెచ్చి కొత్త గూట్లో ఒక మూల బోర్లించాలి. కొన్ని రాత్రులు పిల్లలను దానికిందే మూయాలి. తర్వాత గంప అంచుకింద ఇటుక పెట్టి ఒకవైపు ఎత్తి ఉంచితే అవి తమంతట తామే దూరుతూ బయటికి వస్తూ ఉంటాయి. ఆ పక్కనే నేలకు జానెడు ఎత్తున ఒక కర్ర కట్టి ఉంచాలి. ఒకటి రెండు పిల్లలు దానిమీద కూర్చోవడం మొదలుపెట్టాక గంపను గూటి బయటికి తీసేయవచ్చు. అప్పటిదాకా ఓపిక పట్టినవారికి పిల్లలు మూలలో కుప్పపడి అడుగునవి ఊపిరాడక చచ్చిపోయే బాధ ఉండదు.

బ్రూడర్‌లో, అంటే తల్లి లేకుండా దీపం వేడితో పిల్లలను పెంచే అరలో, ఆరు వారాలు పెంచి ఇచ్చే కోడిపిల్లలను తెచ్చుకునేవారికి ఇంకో రకం సమస్య వస్తుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటివి మన పల్లెల్లోకి ఎక్కువగా ఈ దారినే వస్తాయి. ఆ ఆరు వారాలూ దీపం కింద, ఊకమీద, చదును నేలపై పెరిగినవాటికి కర్ర అంటే ఏమిటో తెలియదు. తొలి వారాల్లో కర్ర ఎక్కడం అలవాటు కాని పిల్లలకు పెద్దయ్యాక ఎత్తు అంచనా వేసుకుని గెంతడం కూడా సరిగా రాదు. వీటికి మొదట జానెడు ఎత్తు కర్ర, కొన్నాళ్ళకు మోకాలి ఎత్తు, ఆ తర్వాత అసలు ఎత్తు అన్నట్టుగా పెంచుకుంటూ పోవాలి, లేదా అడ్డపట్టీలు కొట్టిన పలకను నిచ్చెనలా ఏటవాలుగా ఆనించాలి. రోజూ రాత్రి రెండు మూడింటిని చేత్తో ఎత్తి పెడితే మిగిలినవి చూసి నేర్చుకుంటాయి. గూట్లో ముందునుంచీ రెండు పెద్ద నాటుపెట్టలు ఉంటే ఈ పని మనకన్నా అవే బాగా చేస్తాయి. బరువు ఎక్కువై ఎంతకీ ఎక్కలేని కోళ్ళు పొడి ఊకమీద పడుకున్నా నష్టమేమీ లేదు, వాటిని బలవంతపెట్టకూడదు. ఆ గూటి నేల తడవకుండా, జాలీ కింద సందులు లేకుండా చూసుకుంటే చాలు.

గుడ్లు పెట్టే పెట్టెలో పడుకోవడం కూడా కొన్నిటికి అలవాటవుతుంది. పెట్టె అడ్డకర్ర కన్నా ఎత్తుగా ఉంటేనే ఎక్కువగా ఇలా జరుగుతుంది. దాన్ని కర్ర కన్నా దిగువకు దింపి, సాయంత్రం గోనెసంచి ముక్కతో మూతి మూసి, వేకువనే తీసేస్తే వారంలో మానేస్తాయి. వేకువన తీయడం మాత్రం మరచిపోవద్దు, గుడ్డు పెట్టే వేళకు పెట్టె మూసి ఉంటే అది ఏ మూలనో పెట్టేస్తుంది.

అలవాటైన కోళ్ళు ఒక్కసారిగా లోపలికి రానంటే

నెలల తరబడి గూటికి చేరుతున్న కోళ్ళు ఏదో ఒక సాయంత్రం నుంచి గుమ్మం దాకా వచ్చి, మెడ చాచి లోపలికి చూసి, వెనక్కి తిరిగిపోతుంటే అది శిక్షణకు సంబంధించిన విషయం కాదు. గూట్లోనే ఏదో ఉంది. మొదట అనుమానించవలసింది పిడుదులను. కోడిపిడుదు పగలంతా గోడ పగుళ్ళలో, కర్ర చివర్లలో, మేకుల సందుల్లో నక్కి ఉండి, రాత్రి మాత్రమే బయటికి వచ్చి కోడి రక్తం తాగి తెల్లవారకముందే తిరిగి దాక్కుంటుంది. పగలు కోడి ఒళ్ళంతా వెతికినా పెద్దపిడుదు ఒక్కటీ కనపడదు, అందుకే చాలామంది దీన్ని పట్టుకోలేరు. చీకటి పడి రెండు గంటలు గడిచాక టార్చి తీసుకుని వెళ్ళి అడ్డకర్ర కిందివైపు, కర్ర గోడలో దిగిన చోట చూడాలి. అక్కడ బల్లపరుపుగా, గోధుమరంగులో గింజల్లాంటివి కదులుతుంటే అవే. రక్తం తాగి ఉంటే ఉబ్బి నీలంగా కనిపిస్తాయి. కర్రమీద తెల్లగుడ్డ చుట్టి ఉంచితే ఉదయానికి దానిమీద నెత్తుటి చుక్కలు కనిపించడం మరో గుర్తు.

కోళ్ళను తీసేసి గూడు ఖాళీగా ఉంచితే ఇవి చస్తాయని అనుకోవడం భ్రమ. తిండి లేకుండా నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి బతకగల జీవులివి. పాత గూటిని కొనుక్కుని బాగుచేయించి కోళ్ళను పెట్టినవారికి మొదటి వారంలోనే కోళ్ళు లోపలికి రాకపోవడం వెనక కారణం తరచుగా ఇదే. కర్రలను ఊడదీసి ఎండలో వేయాలి, మరిగే నీళ్ళు పోయాలి, గోడ పగుళ్ళన్నిటినీ సిమెంటుతో పూడ్చి పైన సున్నం దట్టంగా కొట్టాలి. ఏ మందు ఎంత పాళ్ళలో కలిపి పిచికారీ చేయాలో పశువైద్యుణ్ణి అడిగే చేయాలి. పొలంలో చల్లే పురుగుమందును తెచ్చి గూట్లో కొడితే పిడుదులతోపాటు కోళ్ళు కూడా పోతాయి. గుడ్లు పెట్టే బుట్టల్లోని గడ్డిని తగలబెట్టి కొత్తది వేయాలి. మట్టిగోడ గూళ్ళలో ఈ బాధ పదేపదే తిరగబెడుతుంది కాబట్టి, అడ్డకర్రను గోడలో దింపకుండా నేలమీద నిలిపిన విడి కాళ్ళ మీద వేసి, ఆ కాళ్ళ అడుగున వాడేసిన ఇంజను ఆయిల్ పోసిన చిన్న డబ్బాలు పెట్టడం మేలు. డబ్బాలపై కోళ్ళు అందుకోకుండా రేకుముక్క మూతలా అమర్చాలి.

పిడుదులు లేకపోతే తర్వాత చూడవలసింది రాత్రి చుట్టాలను. జాలీ దగ్గర ఊక చెదిరి ఉండడం, ఈకలు రాలి ఉండడం, బయట తడినేలపై అడుగుజాడలు, ఇవన్నీ బావురుపిల్లో ముంగిసో కుక్కో వచ్చి ప్రయత్నించిందని చెబుతాయి. ఒక్కసారి భయపడిన కోళ్ళకు ఆ గూటిమీద నమ్మకం పోతుంది. సందు మూసి, మళ్ళీ మూడు నాలుగు రోజులు లోపల ఉంచి, మొదటి వారం చేసిన పనే చేయాలి. మేత రాత్రిపూట గూట్లో మిగలనివ్వకూడదు. మిగిలిన మేతకు ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తాయి. వానాకాలంలో ఊక తడిసి అమ్మోనియా ఘాటు కొట్టడం కూడా కోళ్ళు వెనక్కి తగ్గడానికి కారణమే. గూట్లోకి వంగగానే మన కళ్ళు మండితే, రాత్రంతా ఆ గాలే పీల్చే కోళ్ళకు ఊపిరితిత్తుల జబ్బు రావడం ఖాయం. ఆ ఊకను ఎత్తి ఎరువు కుప్పలో వేసి, నేలపై కాస్త పొడి సున్నం చల్లి కొత్తది పరవాలి.

బాతులు, గిన్నీకోళ్ళు కలిపి పెంచేవారికి రెండు మాటలు. బాతులు కర్ర ఎక్కవు, నేలమీదే పడుకుంటాయి. అవి ఊకను తడి చేస్తాయి కాబట్టి కోళ్ళ కర్రలకు దూరంగా వాటికి వేరే అర ఉండాలి. గిన్నీకోళ్ళు మాత్రం పెద్దయ్యాక తెచ్చుకుంటే ఎంత ప్రయత్నించినా చెట్టునే కోరుకుంటాయి. పిల్లలుగా ఉన్నప్పుడే కోడిపెట్ట కింద పొదిగించి ఆ గూట్లోనే పెంచితే చాలావరకు కోళ్ళ వెంట లోపలికి వస్తాయి. అప్పటికీ ఎండాకాలం వెన్నెల రాత్రుల్లో ఒకటి రెండు కొమ్మమీద కనిపిస్తాయని సిద్ధపడి, టార్చి గుమ్మం దగ్గరే వేలాడదీసి ఉంచుకోవాలి.